పదిహేను సెకన్ల లెక్క

పేషెంట్ రిజిస్ట్రేషన్ ఫారం డిజైనర్‌లో తెరుచుకోవడానికి నాలుగు నిమిషాల పైన పట్టేది. ఫైలు పేరు మీద రెండుసార్లు నొక్కగానే విజువల్ స్టూడియో విండో మొత్తం తెల్లగా పాలిపోయి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడేది. అంతసేపూ పక్క ట్యాబ్‌లో కోడ్ రాసుకోవడానికి లేదు, కనీసం పైకీ కిందకీ జరిపి చదువుకోవడానికి కూడా లేదు. ఆగలేక మళ్లీ ఎక్కడైనా నొక్కితే, ఈ ప్రోగ్రాం మూసేయమంటారా అని విండోస్ అడిగేది. ఊ అంటే అప్పటిదాకా సేవ్ చెయ్యనిదంతా గల్లంతే. ఎలాగో ఫారం వచ్చాక ఒక లేబుల్‌ని కాస్త ఎడమకి జరిపి బిల్డ్ చేస్తే, డిజైనర్ మళ్లీ మొదటి నుంచి లోడయ్యేది. మళ్లీ నాలుగు నిమిషాలు.

ఇలా నెలల తరబడి పనిచేశాం. అది ఎందుకు అలా అయిందో, ఎలా బాగుపడిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. దానివల్ల ఒక అమ్మాయికి జరిగిన నష్టం గురించి కూడా చెప్పాలి. అది నాకు ఇంకా మింగుడు పడలేదు.

మాది విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. డయాగ్నస్టిక్ ల్యాబులకు బిల్లింగ్, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేస్తాం. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వడానికి జనం వరసలో నిలబడితే, కౌంటర్‌లో కూర్చున్న మనిషి ముందుండే తెర ఇదే. పేరు, వయసు, పంపిన డాక్టరు, చేయాల్సిన పరీక్షలు, తగ్గింపు, బార్‌కోడ్ స్టిక్కర్లు, అన్నీ దాని మీదే. సీ షార్ప్‌లో రాసిన విండోస్ ఫారమ్స్ అప్లికేషన్, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడుస్తుంది. పాత పద్ధతే, కానీ ల్యాబ్ కౌంటర్లలో ఉండే పాత కంప్యూటర్ల మీద ఇలాంటివే ఇంకా మొరాయించకుండా పనిచేస్తున్నాయి. ఆ టీంకి నేను లీడ్‌ని.

తెరను బొమ్మలా కళ్లముందు పెట్టుకుని, బటన్లనూ పెట్టెలనూ మౌస్‌తో పట్టి జరుపుకునే పద్ధతి 1991లో విజువల్ బేసిక్‌తో మామూలు ప్రోగ్రామర్ల చేతికొచ్చింది. దాని బలమంతా ఒక్కటే: చేసింది చేసినట్టు అప్పుడే కనబడటం. యంత్రం జవాబివ్వడానికి 10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస పని మీద నిలవదని జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. మాకు పట్టేది దానికి ఇరవై అయిదు రెట్లు. ఫారం తెరుచుకునేసరికి దేనికోసం తెరిచామో మరిచిపోయేవాళ్లం. ఒకరు ఫోన్ తీసేవారు, ఒకరు టీకి లేచేవారు. గాజు గోడ అవతలి నుంచి చూసేవాళ్లకి మేం ఖాళీగా కూర్చున్నట్టు కనబడేది.

అప్పుడే ఒక పెద్ద క్లయింటు, రిజిస్ట్రేషన్‌లో ఆభా నంబరు పెట్టమన్నారు. ఆయుష్మాన్ భారత్ కింద ఇచ్చే 14 అంకెల నంబరు అది. ఒక లేబుల్, ఒక టెక్స్ట్‌బాక్స్, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే నాలుగు లైన్ల కోడ్. కానీ ఆ ఫారం మీద అప్పటికే సందు లేదు. ఒకటి పెట్టాలంటే పది జరపాలి. టికెట్‌కి నాలుగు గంటలని అంచనా వేసి, టీంలో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. పలాస దగ్గర పల్లెటూరి పిల్ల, ఇంజనీరింగ్ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. చురుకైనది. ఏదైనా ఒకసారి చెబితే చాలు, రెండోసారి అడగదు.

ఆ నాలుగు గంటల పని రోజుల్లోకి సాగింది. డిజైనర్‌తో వేగలేక ఆ అమ్మాయి దాన్ని తెరవడమే మానేసింది. తెర మీద ఏది ఎక్కడుండాలో రాసి ఉండే డిజైనర్ కోడ్ ఫైలుని మామూలు టెక్స్ట్‌లా తెరిచి, నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని, ఎడమ నుంచి 412, పైనుంచి 286 అని ఒక్కో కంట్రోల్‌కీ లెక్క కట్టి చేత్తో మార్చుకుంటూ పోయింది. ఆ నోట్‌బుక్ నేను చూశాను. రెండు పేజీల నిండా కొట్టివేతలు, పక్కన మళ్లీ కూడికలు. అలా గుడ్డిగా సర్దిన తెరలో డిస్కౌంట్ పెట్టె సగం ఆభా పెట్టె కిందకి పోయింది. టెస్టింగ్‌లో ఎవరి కంటా పడలేదు. క్లయింటు దగ్గర పడింది.

మీటింగులో మేనేజరు అందరి ముందూ అడిగారు: “ఒక్క టెక్స్ట్‌బాక్స్ పెట్టడానికి ఇన్ని రోజులా? అదీ తప్పుగానా?”

ఆ అమ్మాయి ఏం మాట్లాడలేదు. “సార్, ఆ ఫారం తెరవడానికే నాలుగు నిమిషాలు పడుతోంది” అని నేనన్నాను. “ఆ టూల్ ఎప్పుడూ అంతేనండీ, అందరికీ అదేగా” అన్నారాయన. దీని సంగతి తేల్చడానికి రెండు రోజులు ఇవ్వమని అడిగాను. రిలీజు అయ్యాక చూద్దాం అన్నారు. రిలీజు అయ్యాక ఇంకో రిలీజు ఉంటుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

టైంషీట్ అనేది చాలా అన్యాయమైన కాగితం. అందులో అంచనా గంటలు, అయిన గంటలు అని రెండే గడులుంటాయి. యంత్రం కోసం ఎదురుచూసిన గంటలకి గడి ఉండదు. అవన్నీ మనిషి ఖాతాలోకే పోతాయి. ఆ సాయంత్రం బస్టాప్ దాకా నాతో నడుస్తూ, “నాకే రావడం లేదేమో అక్కా” అంది ఆ అమ్మాయి. దీని అంతు చూడాలని నేను గట్టిగా అనుకున్నది ఆ మాట విన్నాకే. ఆఫీసు టైంలో వీలుపడదు గనక ఇంట్లో రాత్రిపూట మొదలుపెట్టాను.

అప్పటికే ఎవరికి తోచింది వాళ్లు చేసి ఉన్నారు. కొత్త యాంటీవైరస్ పెట్టిన నెల నుంచే ఈ బాధ మొదలైందని అందరి నమ్మకం. సిస్టమ్స్ వాళ్ల కాళ్లావేళ్లా పడి ప్రాజెక్టు ఫోల్డర్‌ని స్కానింగ్ నుంచి తప్పించాం. బిల్డ్ కాస్త వేగం పుంజుకుంది, డిజైనర్ మాత్రం కదల్లేదు. ఉన్న మెషీన్లన్నిటికీ ర్యామ్ 16 జీబీ చేశారు. మేం వాడే విజువల్ స్టూడియో 2019 స్వతహాగా 32 బిట్ ప్రోగ్రాం. ఎంత ర్యామ్ పోసినా ఆ ప్రాసెస్ 4 జీబీ దాటి వాడుకోలేదు. కాష్ ఫోల్డర్లు తుడిచాం, రిపేర్ చేశాం, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. 2022 వెర్షన్ 64 బిట్ కదా, దానికి మారదామని ఒకరన్నారు. మారి చూస్తే బార్‌కోడ్ ప్రింటింగ్‌కి మేం కొన్న కంట్రోల్ 32 బిట్‌ది మాత్రమే కావడంతో, దాని డిజైనర్‌లో ఆ ఫారం అసలు తెరుచుకోనే లేదు. వెనక్కి వచ్చాం.

ఇంట్లో రాత్రి నిశ్శబ్దంలో ఫారం తెరిచి కూర్చున్నప్పుడు ఒకటి తట్టింది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరగడం లేదు. బిల్డ్ చేసేటప్పుడు హోరుమనే ఫ్యాన్, ఇంతసేపు బిగుసుకుపోయిన డిజైనర్‌కి చప్పుడు చేయదేం? టాస్క్ మేనేజర్ తీస్తే విజువల్ స్టూడియో ఎదురుగా సీపీయూ సున్నా. ఒక్కోసారి ఒకటో రెండో. అంటే అది పని చేయడంలేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. బరువైన ఫారం కాబట్టి నెమ్మది అని ఇన్నాళ్లూ అందరం అనుకున్నది అక్కడితో పోయింది. బరువు మోస్తుంటే సీపీయూ కదలాలి.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వేరే ఫారాలు తెరిచి చూశాను. శాంపిల్ కలెక్షన్ ఫారం నిమిషంన్నర. డాక్టర్ల కమీషన్ ఫారం ముప్పావు నిమిషం. పాస్‌వర్డ్ మార్చుకునే చిన్న ఫారం వెంటనే. రిజిస్ట్రేషన్ నాలుగుంబావు నిమిషాలు. సెకన్లలోకి మార్చి కాగితం మీద రాస్తే 90, 45, 0, 255. అన్నీ పదిహేనో ఎక్కంలోవే. తర్వాత ఆ ఫారాల్లో మా వాళ్లు తయారుచేసిన యూజర్ కంట్రోళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాను. డాక్టరుని ఎంచుకునేది, పరీక్షల జాబితా, బ్రాంచి, రేటు కార్డు, ఇలాంటివి. శాంపిల్ ఫారంలో 6, కమీషన్ ఫారంలో 3, పాస్‌వర్డ్ ఫారంలో ఒక్కటీ లేదు, రిజిస్ట్రేషన్‌లో 17. ఒక్కో కంట్రోల్‌కి పదిహేను సెకన్లు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో పనిచేసినవాళ్లెవరికైనా 15 అనగానే ఒకటి గుర్తొస్తుంది. డాట్‌నెట్‌లో డేటాబేస్ కనెక్షన్ తెరిచినప్పుడు, అవతల ఎవరూ పలక్కపోతే ఎంతసేపు ఆగాలో మనం చెప్పకపోతే అది ఆగేది సరిగ్గా 15 సెకన్లే.

కానీ మేం అప్లికేషన్‌ని నడపడం లేదు, బొమ్మ గీసుకుంటున్నాం. డేటాబేస్ మధ్యలో ఎందుకొస్తుంది?

ఇక్కడ డిజైనర్ పద్ధతి కొంచెం చెప్పాలి. మనం తెరిచిన ఫారం కన్‌స్ట్రక్టర్‌ని అది నడపదు. ఇనిషియలైజ్ కాంపోనెంట్ అనే భాగాన్ని లైను లైనుగా చదివి, అందులో పేరున్న వస్తువులను తనే పుట్టిస్తుంది. పుట్టించడం అంటే మాటవరసకి కాదు. ఆ ఫారం మీద మన యూజర్ కంట్రోల్ ఒకటుంటే దాని కన్‌స్ట్రక్టర్ నిజంగానే నడుస్తుంది, అందులో ఏం రాసి ఉంటే అది జరుగుతుంది. ఇంటి ప్లాను చూపించమంటే ఇటుకలు తెప్పించి గోడ కట్టి చూపించినట్టు. మా కంట్రోళ్లన్నిటికీ తల్లిలాంటి ఒక బేస్ క్లాస్ ఉంది. అది పుట్టగానే డేటాబేస్‌కి వెళ్లి తనకి కావలసిన జాబితా తెచ్చుకుంటుంది.

ఊహని ఊహగా వదిలేయకుండా కళ్లతో చూడాలనిపించింది. విజువల్ స్టూడియోని రెండోది తెరిచాను. దాని డిబగ్గర్‌ని మొదటి విజువల్ స్టూడియో ప్రాసెస్‌కే తగిలించాను. మొదటి దాంట్లో రిజిస్ట్రేషన్ ఫారం మీద రెండుసార్లు నొక్కి, అది తెల్లబడగానే రెండో దాంట్లో ‘బ్రేక్ ఆల్’ కొట్టాను. కాల్ స్టాక్ వచ్చింది. కింద అంతా డిజైనర్ సొంత పేర్లు. వాటి మీద మా డాక్టర్ పికర్ కన్‌స్ట్రక్టర్, ఆ పైన మా డేటా హెల్పర్, ఆ పైన ఎస్‌క్యూఎల్ కనెక్షన్ ఓపెన్, దాని మీద నెట్‌వర్క్ కోసం ఎదురుచూపు. వదిలేసి కొన్ని సెకన్లాగి మళ్లీ ఆపితే అదే స్టాక్, కంట్రోల్ పేరొక్కటే మారింది, ఈసారి రేటు కార్డు. కమాండ్ విండోలో నెట్‌స్టాట్ కొడితే ఆ ప్రాసెస్ నంబరు ఎదురుగా 192.168తో మొదలయ్యే ఒక అడ్రసు, పక్కన సిన్ సెంట్ అని ఉంది. పిలుపు వెళ్లింది, జవాబు రాలేదు అని దానర్థం.

ఆ అడ్రసు మా ఆఫీసులో ప్యాంట్రీ పక్క గదిలో ఒకప్పుడు ఉన్న సర్వర్‌ది. డేటాబేస్‌ని క్లౌడ్‌కి మార్చాక దాన్ని ఆపేసి, తీసి అమ్మేశారు.

అప్లికేషన్ మాత్రం క్లౌడ్ సర్వర్‌తో చక్కగా నడుస్తోంది, కొత్త అడ్రసు కాన్ఫిగ్ ఫైలులో ఉంది కాబట్టి. డిజైనర్‌లో ఆ కాన్ఫిగ్ ఫైలు కనబడదు. అక్కడ నడుస్తున్న ప్రోగ్రాం మాది కాదు, విజువల్ స్టూడియో. అది చదివేది తన సొంత కాన్ఫిగ్‌నే. అడ్రసు దొరక్కపోతే ఏం చేయాలో మా డేటా హెల్పర్‌లో ఎప్పుడో ఎవరో రాసిపెట్టారు: కోడ్‌లోనే ఉన్న ఆ పాత అడ్రసు వాడమని. సర్వర్ పక్క గదిలో బతికి ఉన్నన్నాళ్లూ ఇది ఎవరికీ తెలియలేదు. డిజైనర్ తెరిచిన ప్రతిసారీ అది వెళ్లి అసలు డాక్టర్ల పేర్లన్నీ తెచ్చేది, మిల్లీసెకన్లలో. సర్వర్ ఆగిపోయిన నెలలోనే యాంటీవైరస్ కూడా వచ్చింది. నిందంతా దాని మీదకి పోయింది.

ఇంకో రెండు విషయాలు కలిసొచ్చాయి. కనెక్షన్ స్ట్రింగ్‌లో పూలింగ్ ఆపేసి ఉంది. పూలింగ్ ఉండి ఉంటే, ఒకసారి కనెక్షన్ దొరక్కపోయాక తర్వాతి 5 సెకన్లలో ఎవరడిగినా ఎదురుచూడకుండా వెంటనే అదే ఎర్రర్ తిప్పికొట్టేది. మొదటి కంట్రోల్ దగ్గర ఒక్క పదిహేను సెకన్లతో పోయేది. రెండోది, బేస్ క్లాస్‌లో ఆ పనంతా ట్రై క్యాచ్‌లో పెట్టి క్యాచ్‌ని ఖాళీగా వదిలేశారు. మామూలుగా ఇలాంటిచోట ఎర్రర్ వస్తే డిజైనర్ ఫారం బదులు ఆ ఎర్రర్‌నే తెర మీద చూపిస్తుంది. మొదటి రోజే దొరికిపోయేది. పదిహేడు ఎర్రర్లూ ఆ ఖాళీ క్యాచ్‌లో పడి మాయమయ్యాయి. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ల్యాబ్‌లో నెట్ లేని పొద్దున కౌంటర్ తెర పడిపోకూడదని రాసి ఉంటారు. కానీ ఎర్రర్‌ని మింగేసే కోడ్ చేసే హాని ఎంత దూరం పోతుందో ఆ రాత్రి చూశాను.

ఆ కోడ్‌ని బాగుచేయడం పెద్ద పని కాలేదు. జాబితాలు తెచ్చే పనిని కన్‌స్ట్రక్టర్ల నుంచి తీసి వేరే మెథడ్‌లో పెట్టాను. అప్లికేషన్ నడిచేటప్పుడు ఫారమే దాన్ని పిలుస్తుంది. అదనపు కాపలాగా, ఇప్పుడు డిజైనర్‌లో ఉన్నామా అని బేస్ క్లాస్‌లో ఒక తనిఖీ. దీనికి అందరూ వాడే డిజైన్ మోడ్ ప్రాపర్టీ కన్‌స్ట్రక్టర్‌లో పనికిరాదు, కంట్రోల్ పుట్టాకే దానికి విలువ వస్తుంది. ఒక కంట్రోల్ లోపల ఇంకో కంట్రోల్ ఉంటే లోపలిదానికి అప్పుడు కూడా రాదు. లైసెన్స్ మేనేజర్‌లో ఉండే యూసేజ్ మోడ్ సరిగ్గా చెబుతుంది గానీ, అదీ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపే. అందుకని అక్కడే అడిగి ఒక ఫీల్డ్‌లో దాచుకున్నాను. పాత అడ్రసుని కోడ్‌లోంచి పీకేశాను. కాన్ఫిగ్‌లో అడ్రసు లేకపోతే ఇప్పుడు గట్టిగా ఎర్రర్ వస్తుంది. ఖాళీ క్యాచ్‌లో లాగ్ రాసే లైను పెట్టాను.

ఫారం మీద రెండుసార్లు నొక్కాను. తెర ఒక్కసారి రెపరెపలాడి ఫారం వచ్చేసింది. స్టాప్‌వాచ్ నొక్కేలోపే. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ వచ్చింది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, ఎవరికి చెప్పుకోను? వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి ఇంకోసారి తెరిచాను.

మర్నాటి నుంచి మిగతా చిల్లర కూడా సర్దాం. కంపెనీ లోగోని 6 ఎంబీ బొమ్మగా ప్రతి ఫారంలోనూ విడివిడిగా పెట్టి ఉంది. రిసోర్స్ ఫైలులో బొమ్మని అక్షరాలుగా మార్చి దాస్తారు, మూడు బైట్లకి నాలుగు అక్షరాలు. అలా ఒక్కో ఫారానికి 8 ఎంబీ టెక్స్ట్. చిన్న లోగో చేయించి ఒకే చోట పెట్టాం. ఆప్షన్లలో టూల్‌బాక్స్‌ని తనంతట తాను నింపుకునే సెట్టింగ్ ఆపేశాం. అది ఉంటే సొల్యూషన్‌లోని ప్రాజెక్టులన్నీ వెతికి మన కంట్రోళ్లను ఏరి తెచ్చే పని ఒకటి ఉంటుంది. ఇవన్నీ సెకన్ల బేరం. బిల్డ్ చేసిన ప్రతిసారీ మన కంట్రోళ్ల కొత్త ప్రతి మెమరీలోకి వచ్చి పాతది కూడా అలాగే ఉండిపోతుంది కాబట్టి, మధ్యాహ్నానికి ఒకసారి విజువల్ స్టూడియో మూసి తెరవడం అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు అదో భారం కాదు.

టీం అంతా మర్నాడు పొద్దున నా టేబుల్ చుట్టూ చేరి ఫారం తెరిచి మూసి చూసుకున్నారు. పలాస అమ్మాయి మౌస్ తీసుకుని ఆభా పెట్టెని పట్టి కిందకి లాగి, డిస్కౌంట్ పెట్టెతో అంచు కలిపి వదిలింది. బిల్డ్ చేసింది. క్లయింటు కంప్లయింటు అంతటితో సరి. పదకొండు కాకముందే టికెట్ మూసేసి తర్వాతది అడిగింది. ఆ నెల టీంలో అందరికన్నా ఎక్కువ టికెట్లు మూసింది ఆ అమ్మాయే.

అయితే అర్ధ సంవత్సరం రేటింగులు అంతకుముందే పైకి వెళ్లిపోయాయి. వేగం అన్న చోట ఆ అమ్మాయికి అయిదుకి ఒకటి వేశారు. నేను మూడు వేసి పంపితే పైన దిద్దారు. నేను స్టాప్‌వాచ్ లెక్కలు, కాల్ స్టాక్ ఫొటో, ముందూ తర్వాతా టైంషీట్లు జతచేసి, ఆ గంటలు ఈమెవి కావు, ఆఫీసులో లేని సర్వర్‌వి అని హెచ్ఆర్‌కి రాశాను. సైకిల్ మూసేశాక మార్చడానికి సిస్టంలో వీలు లేదని జవాబొచ్చింది. ఇంక్రిమెంటు ఆ రేటింగ్ మీదే పడింది. తర్వాత కొన్నాళ్లకి ఆ అమ్మాయి హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లింది. వెళ్లే రోజు నోట్‌బుక్ నాకిచ్చేయబోయింది, నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

మేనేజరుతో ఇంకోసారి మాట్లాడాను. ఆయన చెడ్డవారేం కాదు. విని, “మీరన్నది నిజమే, కానీ అయిపోయింది కదా” అన్నారు. టైంషీట్‌లో టూల్ కోసం ఆగిన సమయం రాసుకోవడానికి ఒక గడి పెట్టమని అడిగాను, అది మాత్రం ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ గడి ఉంది. ఎవరైనా అందులో రోజుకి అరగంట దాటి రాస్తే, ఆ వారంలోనే ఒకరం కూర్చుని డిబగ్గర్ తగిలించి చూస్తున్నాం. రేటింగ్ సరిచేయమన్న ఉత్తరం ఈ ఏడాది సైకిల్ తెరవగానే మళ్లీ పంపాను. అనుభవ పత్రం కోసం ఆ అమ్మాయి ఫైలు ఎప్పుడు తీసినా నా కాగితం కూడా అందులో ఉండాలని రాతపూర్వకంగా అడిగాను.